షుగర్ ఉన్నవాళ్లు రోజుకు ఎన్ని గ్రాముల కార్బ్స్ తినాలి? తలా ఒక మాట చెబుతున్నారు

జిరాక్స్ షాపు (తిరుపతి)
నవంబర్ 24, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నా వయసు 47, బరువు 78 కిలోలు. యూనివర్సిటీ దగ్గర జిరాక్స్, కొరియర్ షాపు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మిషను పక్కనే. సెప్టెంబరులో షుగర్ బయటపడింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9. పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్, టిఫినుకు ముందు గ్లిమిపిరైడ్ 1 ఎంజీ వేసుకుంటున్నా.

డాక్టరు గారు "అన్నం తగ్గించండి" అన్నారు. ఎంత అని అడిగితే "సగం" అన్నారు. దేంట్లో సగం? వెనకాల ఇంకా ముప్పై మంది కూర్చున్నారు, మళ్లీ అడగలేకపోయాను. బావమరిది ఒక వీడియో పంపాడు, అందులో రోజుకు 20 గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు) దాటకూడదట. షాపుకు వచ్చే ఒక పీజీ అబ్బాయి 130 కంటే తగ్గితే మెదడుకు దెబ్బ అంటాడు. మా ఆవిడ మాత్రం రాగి సంగటి తింటే ఏ లెక్కా అక్కర్లేదంటుంది.

ఏదైతే అదయిందని పోయిన వారమంతా గుడ్లు, కీరకాయ, మజ్జిగతో గడిపాను. శనివారం అలవాటు ప్రకారం అలిపిరి మెట్లెక్కాను. గాలిగోపురం ఇంకో వంద మెట్లుందనగా చేతులు వణికాయి, చొక్కా తడిసిపోయింది, కళ్ల ముందు చీకట్లు. పక్కన ఎక్కుతున్న ఒక పెద్దావిడ బ్యాగులోంచి మామిడి జ్యూసు ప్యాకెట్ తీసి తాగించింది. పది నిమిషాలకు మనిషినయ్యాను. ఆవిడ ఏ ఊరో కూడా అడగలేదు.

ఇంతకీ నా ప్రశ్న ఒక్కటే. ఎన్ని గ్రాములు? ఒక అంకె చెప్పండి చాలు.


గుడ్డు నెయ్యి (తిరుచానూరు)
నవంబర్ 24, రాత్రి 11:05

అంకె 20. మీ బావమరిది కరెక్ట్. నేను ఏడాదిన్నరగా అదే. గుడ్లు, మటన్, పనీర్, నెయ్యి, ఆకుకూరలు. హెచ్‌బీఏ1సీ 9.2 నుంచి 5.9కి దిగింది. 14 కిలోలు తగ్గాను. అన్నం అంటే నెమ్మదిగా చంపే విషం, బ్రదర్. వణుకు మొదట్లో అందరికీ వస్తుంది, ఉప్పు నీళ్లు తాగితే పోతుంది.


కొలతగిన్నె (తిరుపతి)
నవంబర్ 25, ఉదయం 6:20

నేను డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. గ్రాముల సంగతి తర్వాత చూద్దాం, ముందు శనివారం జరిగిన దాని గురించి.

జిరాక్స్ షాపు గారూ, మీకు వచ్చినవి లో షుగర్ లక్షణాలు. ఉప్పు నీళ్లతో పోయేది కాదు అది. గ్లిమిపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు, ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. మీరు అన్నం మానేశారు, మాత్ర మానలేదు, పైగా మెట్లెక్కారు. ఇక షుగర్ పడిపోక ఏం చేస్తుంది? మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు ఇలా కావడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, ఇన్సులిన్ వాడేవాళ్లు కార్బ్స్ బాగా తగ్గించాలనుకుంటే ముందు డాక్టరుకు చెప్పి మందు సవరించుకోవాలి. ఇవాళే ఫోన్ చేయండి. మీ అంతట మీరు మాత్ర మానేయకండి.

మీటరులో 70 కంటే తక్కువ చూపిస్తే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ, మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి గానీ వెంటనే తాగాలి. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ 15 గ్రాములు. ఆ పూటకు లడ్డూ, చాక్లెట్ పనికిరావు, వాటిలోని నెయ్యి, కొవ్వు చక్కెరను లేటుగా వదులుతాయి. మీటరు దగ్గర లేకపోయినా వణుకు, చెమట వస్తే ముందు చక్కెర, తర్వాతే అనుమానాలు.


నడకదారి (తిరుపతి)
నవంబర్ 25, ఉదయం 6:48

3,550 మెట్లు ఖాళీ కడుపుతో, గ్లిమిపిరైడ్‌తో ఎక్కావా సామీ! నేను నెలకు రెండుసార్లు ఎక్కుతా. జేబులో సెల్లు ఎట్లనో గ్లూకోజ్ పొడి పొట్లం కూడా అట్లనే. ఎక్కేముందు ఒకసారి, గాలిగోపురం దగ్గర ఒకసారి మీటరు చూసుకుంటా. మోకాళ్ల పర్వతం ఇంకా ముందుంది కదా.


పుత్తూరు సంగటి
నవంబర్ 25, ఉదయం 9:15

మీ ఇంట్లో అక్క చెప్పినట్టే సంగటికి లెక్క అక్కర్లేదు. మా తాత మూడు పూటలా సంగటి, చెనక్కాయల ఊరిబిండి తిన్నాడు, తొంభై ఏండ్లు బతికాడు. షుగర్ అనే మాటే వినలేదు. రాగుల్లో చక్కెర ఉండదు.


బెంగళూరులో కుప్పంవాడు
నవంబర్ 25, ఉదయం 9:31

మీ తాత రోజంతా మడక దున్నాడన్నా. మనం కుర్చీ దున్నుతున్నాం.


పీలేరు అయ్యవారు
నవంబర్ 25, మధ్యాహ్నం 2:10

రిటైరైన లెక్కల అయ్యవారిని. షుగర్ వచ్చి పన్నెండేళ్లు. మొదటి మూడేళ్లు నేనూ మీలాగే అంకె కోసం వెతికాను. దొరికిన ప్రతి అంకె పట్టుకుని పది రోజులు చేసి వదిలేశాను. చివరకు ఒక పాఠం బోర్డు మీద రాసుకున్నట్టు తెలిసింది: "సగం తగ్గించు" అనే లెక్క చేయాలంటే ముందు మొత్తం ఎంతో తెలియాలి. మొత్తం రాయకుండా సగం ఎట్లా చేస్తావు నాయనా?

కాబట్టి రేపు ఏమీ మార్చకు. గుడ్లు, కీరకాయ కాకుండా, షుగర్ బయటపడక ముందు నువ్వు మామూలుగా ఏం తినేవాడివో అదంతా ఒక కాగితం మీద రాయి. టీలో చక్కెరతో సహా. వీలైతే పచ్చి బియ్యం, పిండి తూకంతో రాయి. అన్నం తూచకు. ఒకరోజు బిరుసుగా ఉంటుంది, ఒకరోజు మెత్తగా ఉంటుంది, నీళ్ల బరువు మారిపోతుంది. బియ్యం అబద్ధం చెప్పదు.


జిరాక్స్ షాపు (తిరుపతి)
నవంబర్ 26, రాత్రి 10:55

డాక్టరు గారితో మాట్లాడాను. గ్లిమిపిరైడ్ ఆపమన్నారు, మెట్‌ఫార్మిన్ అలాగే ఉంచి రెండు వారాల రీడింగులు తెమ్మన్నారు. కొలతగిన్నె మేడమ్‌కు థ్యాంక్స్.

అయ్యవారూ, షాపులో కొరియర్ కవర్లు తూచే ఎలక్ట్రానిక్ తక్కెడ ఇంటికి తీసుకొచ్చి తూచాను. మామూలు రోజు లెక్క ఇది. పొద్దున ఇడ్లీలు ఐదు, వడ ఒకటి, చెనక్కాయల చట్నీ. రోజులో టీలు మూడు, రెండేసి స్పూన్ల చక్కెర. మధ్యాహ్నం నా వాటా 140 గ్రాముల బియ్యం వండిన అన్నం, పప్పు, చారు. సాయంత్రం షాపు ఎదురుగా బజ్జీలు మూడో నాలుగో. రాత్రి సంగటి ముద్దలు రెండు. ఇంట్లో నలుగురికి నాలుగు ముద్దలు అనుకున్నాను గానీ పిల్లలు సంగటి తినరు, నేను రెండు, ఆవిడ ఒకటి, మిగిలింది పొద్దున్నే మజ్జిగలో. బియ్యం 150 గ్రాములు, రాగిపిండి 150 గ్రాములు వేస్తుందట.


పీలేరు అయ్యవారు
నవంబర్ 27, ఉదయం 11:30

శభాష్. ఇట్లా రాసేవాళ్లు పది మందిలో ఒకరు.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టిక నా దగ్గర ఉంది. అందులో 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు పోగా పిండిపదార్థం 78 గ్రాములు. రాగుల్లో దాదాపు 67. గోధుమపిండిలో 64. ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే మన ఇంటి లెక్క ముప్పాతిక అయిపోయినట్టే.

నీ సంగటి కుండ చూద్దాం. బియ్యం 150లో 117, రాగిపిండి 150లో 100. మొత్తం 217. నాలుగు ముద్దలకు పంచితే ముద్దకు 54. నువ్వు రెండు తింటున్నావు, అంటే 108. పుత్తూరు తమ్ముడూ, రాగుల్లో చక్కెర లేదన్న మాట నిజమే. బియ్యంలోనూ లేదు! రెండింట్లోనూ ఉన్నది పిండి, కడుపులోకి వెళ్లాక అది గ్లూకోజే అవుతుంది. బియ్యం పూర్తిగా తీసేసి 300 గ్రాములూ రాగిపిండే వేసినా కుండలో 200 ఉంటుంది. తేడా 17 గ్రాములు, అదీ నాలుగు ముద్దలకు కలిపి. రాగుల్లో పీచు 11 గ్రాములు, బియ్యంలో 3 కూడా లేదు, ఆ మేలు కాదనను. కాల్షియం సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ముద్ద పెద్దదైతే ఆ మేలంతా ముద్దే మింగేస్తుంది.

ఇక మిగతాది. ఇడ్లీకి 12 చొప్పున 60, వడ 15, చట్నీ 5. టీకి చక్కెర 8, పాలు 5, మూడు టీలకు 39. మధ్యాహ్నం బియ్యం 109, పప్పు 15. బజ్జీలు 25. సంగటి 108. కూడితే 376 గ్రాములు. గ్రాముకు 4 క్యాలరీలు, అంటే పిండి నుంచే 1,500 క్యాలరీలు.

నీకు "సగం" చెప్పిన డాక్టరు గారిని తప్పుపట్టలేను. తెలియక చెప్పినా తెలిసి చెప్పినా ఆ సగం దగ్గరదగ్గర సరిపోతుంది.


జిరాక్స్ షాపు (తిరుపతి)
నవంబర్ 27, మధ్యాహ్నం 1:02

376! నేను తీపి తిననని అందరికీ చెప్పుకుంటా.


గుడ్డు నెయ్యి (తిరుచానూరు)
నవంబర్ 27, మధ్యాహ్నం 1:40

అందుకే చెప్పేది. ఈ పట్టికలు, తక్కెడలు ఎందుకు? మూలమే తీసేయండి. 20 గ్రాములు.


మదనపల్లె టమాటా
నవంబర్ 27, రాత్రి 8:25

గుడ్డు నెయ్యి గారూ, మీకు పనిచేసింది, సంతోషం. కానీ ఎదుటివాళ్లు ఏ మాత్ర వేసుకుంటున్నారో అడగకుండా 20 అని చెప్పకండి, దండం పెడతా.

మా తమ్ముడు డపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటూ ఎవరో చెప్పారని కార్బ్స్ పూర్తిగా మానేశాడు. పన్నెండో రోజు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. మీటరు 190 చూపించింది. 190కి ఇంత కష్టం ఉండదు, గ్యాస్ అనుకుని ఒకరోజు ఇంట్లోనే ఉంచాం. ఆస్పత్రికి తీసుకుపోతే రక్తంలో కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే యాసిడ్లు) నిండిపోయాయన్నారు, మూడు రోజులు ఐసీయూ. ఆ మాత్ర మూత్రంలోంచి చక్కెరను పంపేస్తుంది కాబట్టి మీటరులో అంకె పెద్దగా పెరగదట, లోపల మాత్రం ఒళ్లంతా యాసిడ్ అయిపోతుందట. ఆ మాట మాకు ముందు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.


కొలతగిన్నె (తిరుపతి)
నవంబర్ 27, రాత్రి 9:50

మదనపల్లె గారు చెప్పింది అక్షరాలా నిజం. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు కార్బ్స్ దాదాపు మానేసే కీటో జోలికి, పూర్తి ఉపవాసాల జోలికి సొంతంగా పోకూడదు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగినవాళ్లు గుడ్లు, మాంసం విపరీతంగా పెంచే ముందు అడగాలి. గర్భిణుల లెక్క వేరే.

అలాగని గుడ్డు నెయ్యి గారిని తోసిపుచ్చను. కార్బ్స్ తగ్గిస్తే షుగర్ తగ్గుతుంది, మందులూ తగ్గుతాయి, ఇందులో వాదన లేదు. ఎంత తగ్గించాలి, ఎన్నేళ్లు దాని మీద నిలబడగలం, అక్కడే తేడా. ఆయన ఏడాదిన్నర నిలబడ్డారు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది సంక్రాంతి దాకా కూడా నిలబడరు. పండగ రోజు ఓళిగలతో (బొబ్బట్లతో) మొదలుపెట్టి ఫిబ్రవరికి పాత బరువుకు వచ్చేస్తారు.

జిరాక్స్ షాపు గారు అడిగిన అంకెల సంగతి. 130 అన్నది షుగర్ ఉన్నవాళ్ల కోసం పెట్టింది కాదు. మామూలు పెద్దవాళ్ల మెదడు రోజుకు వాడుకునే గ్లూకోజ్‌ను బట్టి అమెరికాలో కట్టిన లెక్క. అంతకంటే తక్కువ తింటే కాలేయం కొంత గ్లూకోజ్ తయారుచేసుకుంటుంది, మెదడేమీ ఆగిపోదు. ఇక శాతాల విషయానికొస్తే, ఫలానా శాతమే అందరికీ సరైనదని చెప్పలేమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషనే అంటోంది. మన దేశంలో షుగర్ మీద చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్కల ప్రకారం మనం తినే క్యాలరీల్లో 62 శాతం కార్బ్స్ నుంచే వస్తున్నాయి. అదే సర్వే వివరాలతో 2022లో వేసిన అంచనాలో, కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు దాన్ని వెనక్కి తిప్పాలంటే కార్బ్స్ 49 నుంచి 54 శాతానికి దించి, ప్రొటీన్ 20 శాతం దాకా పెంచుకోవాలన్నారు. 20 గ్రాముల దాకా పోనక్కర్లేదు, చూశారుగా.

మీ బరువు, కూర్చునే పని చూస్తే రోజుకు 1,800 క్యాలరీలు అనుకుందాం. అందులో సగం 900. నాలుగుతో భాగిస్తే 225 గ్రాములు. ఇది మొదలుపెట్టడానికి. ఇక్కడి నుంచి కిందికి దిగాలా, ఇక్కడే ఉండాలా అన్నది మీ మీటరే చెప్పాలి.


జిరాక్స్ షాపు (తిరుపతి)
నవంబర్ 27, రాత్రి 10:30

మీటరు ఎలా చెబుతుంది మేడమ్? నేను పరగడుపున ఒక్కటే చూస్తున్నా. అది 150, 140 అలా ఉంటుంది.


కొలతగిన్నె (తిరుపతి)
నవంబర్ 27, రాత్రి 10:52

పరగడుపు రీడింగ్ చూసి ఇడ్లీ మంచిదా చెడ్డదా చెప్పలేం. జంటగా చూడాలి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒకటి, అక్కడి నుంచి రెండు గంటలకు ఇంకొకటి. భోజనం ముగించిన దగ్గర్నుంచి కాదు, మొదలుపెట్టిన దగ్గర్నుంచి. ఎక్కువమందికి పెట్టే గురి తినకముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు. వయసు పైబడినవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరు కాస్త సడలిస్తారు.

స్ట్రిప్పులు ఖరీదే, రోజూ ఆరుసార్లు పొడుచుకోనక్కర్లేదు. ఒక వారం టిఫిను చుట్టూ, ఇంకో వారం మధ్యాహ్నం, మరో వారం రాత్రి. ఏ పూట ఎక్కువ ఎగురుతోందో ఆ పూటలోనే గ్రాములు కోయండి, మిగతా పూటలను ఎందుకు శిక్షించడం? చాలామందికి పొద్దున పూటే ఎగురుతుంది, ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు అప్పుడు ఎక్కువ కాబట్టి.


చిత్తూరు నుంచి పాప అమ్మ
నవంబర్ 28, ఉదయం 5:40

ఈ చర్చ రాత్రంతా చదివాను. మా పాపకు 13 ఏళ్లు, టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం. ఆరేళ్ల నుంచి ఇన్సులిన్. మాకు గ్రాముల లెక్క ఇష్టాయిష్టం కాదు, ప్రతి ముద్దకూ సూది లెక్క ఉంటుంది. పొద్దున 8 గ్రాములకు ఒక యూనిట్, మధ్యాహ్నం 12 గ్రాములకు ఒక యూనిట్. ఇది మా పాప అంకె, డాక్టరు నెలలు చూసి కుదిర్చింది. ఇంకెవరూ వాడకండి. ఎంత తినాలి అన్నది మా ఇంట్లో పెద్ద సమస్య కాదు. ఎంత తిన్నదో తెలియకపోవడమే సమస్య.

ఒక చిన్న కథ చెబుతా. మొదటి ఏడాది ఎవరో తిరుమల కొండ నుంచి లడ్డూ తెచ్చారు. ప్రసాదం, వద్దనలేం. పాప సగం తినేసింది. ఎన్ని గ్రాములో తెలియదు. ఇంటర్నెట్‌లో ఒకచోట 30, ఒకచోట 60. నేను 30కి సూది వేశాను. రాత్రికి 380. ఆ రాత్రి నిద్రపోలేదు.

తర్వాత పత్రికల్లో లడ్డూ దిట్టం చూశాను. దిట్టం అంటే పోటులో, అంటే గుడి వంటశాలలో, ఏ సరుకు ఎంత వేయాలన్న లెక్క. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400 కిలోలు, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, ఏలకులు 4. కాగితం తీసుకుని భాగించాను. లడ్డూకు చక్కెర 78 గ్రాములు. శనగపిండి 35 గ్రాములు, అందులో పిండిపదార్థం 17 దాకా. ద్రాక్ష, కలకండ, జీడిపప్పు కలిసి ఇంకో 5. మొత్తం వంద. 175 గ్రాముల లడ్డూలో వంద గ్రాములు! పాప తిన్న సగంలో యాభై, నేను వేసింది ముప్పైకి.

ఇప్పుడు మా ఇంట్లో లడ్డూ వస్తే తక్కెడ మీదకు వెళ్లాకే దేవుడి పటం దగ్గరకు. స్వామి ఏమీ అనుకోడు. 40 గ్రాముల ముక్క తింటే 23 గ్రాములు, మధ్యాహ్నమైతే రెండు యూనిట్లు. నెయ్యి ఉంటుంది కాబట్టి షుగర్ మెల్లగా ఎక్కి చాలాసేపు నిలుస్తుంది, మూడు గంటలకు మళ్లీ చూస్తాం.


నడకదారి (తిరుపతి)
నవంబర్ 28, ఉదయం 7:15

అమ్మా, లడ్డూను ఇట్లా భాగించినవాళ్లను ఇప్పుడే చూస్తున్నా. నేను ఇన్నాళ్లూ "సగమే కదా" అని తింటున్నా. యాభై గ్రాములు!


పీలేరు అయ్యవారు
నవంబర్ 28, ఉదయం 8:00

నా సర్వీసులో ఇంత మంచి భాగహారం లెక్క ఏ పుస్తకంలోనూ చూడలేదు తల్లీ. పాపకు నా ఆశీస్సులు.


పుత్తూరు సంగటి
నవంబర్ 28, ఉదయం 10:20

సరే అయ్యవారూ, ముద్ద చిన్నది చేస్తా. బెల్లం మాత్రం వదలను. మాది చిత్తూరు బెల్లం, రసాయనాలు లేనిది. చక్కెర కంటే మంచిదే కదా?


కొలతగిన్నె (తిరుపతి)
నవంబర్ 28, ఉదయం 10:41

మీటరుకు బెల్లం, చక్కెర దాదాపు ఒకటే. తేనె కూడా.


బెంగళూరులో కుప్పంవాడు
నవంబర్ 28, సాయంత్రం 6:12

మరి చద్దన్నం? చల్లారిన అన్నంలో పిండి అరగదు, షుగర్ పెరగదు అని ఆఫీసులో ఒకటే ప్రచారం.


కొలతగిన్నె (తిరుపతి)
నవంబర్ 28, రాత్రి 9:05

చల్లారినప్పుడు పిండిలో కొంత అరగని రకంగా మారే మాట నిజం. కొంతే. దాన్ని నమ్ముకుని గిన్నెడు అన్నం రెండు గిన్నెలు చేస్తే లాభం లేదు. అదే కొలతతో ఒకరోజు వేడన్నం, ఒకరోజు చద్దన్నం తిని మీరే మీటరు చూసుకోండి. అంతకంటే బాగా పనిచేసేది ముందు కూర, పప్పు, గుడ్డు తిని, అన్నం చివర్లో తినడం. మనవాళ్లు నవ్వుతారు, అన్నం లేకుండా కూర ఏంటని. నాలుగు రోజులు నవ్వనివ్వండి. తిన్నాక పది పదిహేను నిమిషాల నడక కూడా షుగర్‌ను బాగా కిందికి లాగుతుంది.


జిరాక్స్ షాపు (తిరుపతి)
డిసెంబర్ 13, రాత్రి 10:15

రెండు వారాల తర్వాత వస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, క్షమించాలి.

మొదటి రోజే 376 నుంచి దిగిపోలేదు. ముందు టీలో చక్కెర తీసేశా. మూడు రోజులు కషాయం తాగినట్టుంది, ఇప్పుడు షాపు పక్కన టీ తాగితే పాయసంలా ఉంది. తర్వాత మధ్యాహ్నం బియ్యం 140 నుంచి 80కి తగ్గించా, కూర రెండింతలు చేశా. రాత్రి సంగటి ఒక్క ముద్ద. వడ మానేశా, బజ్జీల బదులు ఉడికించిన చెనక్కాయలు గుప్పెడు. అయ్యవారి పద్ధతిలో కూడితే 210 దాకా వస్తోంది.

రీడింగులు రాస్తున్నా. రాత్రి, పాత పద్ధతిలో రెండు ముద్దలు కావాలనే ఒకరోజు తిన్నా. ముందు 124, రెండు గంటలకు 231. ఒక ముద్ద, గుడ్డు, గోంగూర పప్పుతో 121 నుంచి 168. మధ్యాహ్నం 80 గ్రాముల బియ్యానికి 118 నుంచి 172, తిన్నాక షాపు చుట్టూ తిరిగితే 155. ఇంతవరకూ బాగానే ఉంది.

పొద్దునే వింత. మూడే ఇడ్లీలు, 36 గ్రాములు. సంగటి కంటే ఎంతో తక్కువ. అయినా 132 నుంచి 205. మూడు రోజులు అదే వరస. మీటరు పాడైందేమోనని కొత్త స్ట్రిప్పుల డబ్బా తెరిచా. అదే. మేడమ్ పొద్దున పూట గురించి రాసింది మళ్లీ చదివి, రెండు ఇడ్లీలు, రెండు గుడ్లు చేశా. 128 నుంచి 161.

అంటే నాకు రాత్రి 54 గ్రాములు అరుగుతుంది, పొద్దున 36 కూడా అరగదు. నేను ఒక అంకె అడిగాను, మూడు వచ్చాయి. మొత్తం రెండొందలకు అటూ ఇటూ. డాక్టరు గారికి కాగితం చూపించాను, ఈసారి రెండు నిమిషాలు ఎక్కువే చదివారు. గ్లిమిపిరైడ్ అక్కర్లేదు, జనవరి చివర్లో హెచ్‌బీఏ1సీ చేయించమన్నారు.


గుడ్డు నెయ్యి (తిరుచానూరు)
డిసెంబర్ 13, రాత్రి 10:48

బాగా చేశారు బ్రదర్. నిజం చెప్పాలంటే నేను మొదలుపెట్టినప్పుడు మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాడిని, అందుకే నాకు ఇబ్బంది రాలేదేమో. మీ మాత్ర సంగతి అడగకుండా ఉప్పు నీళ్లు తాగమన్నాను. తప్పే. నా పద్ధతి మాత్రం మార్చను, నాకు ఆకలి అదుపులో ఉండేది దీంతోనే.


మదనపల్లె టమాటా
డిసెంబర్ 14, ఉదయం 7:30

ఈ ఒక్క మాట రాసినందుకు మీకు ఒక బుట్ట టమాటాలు బాకీ.


చిత్తూరు నుంచి పాప అమ్మ
డిసెంబర్ 14, మధ్యాహ్నం 12:15

జిరాక్స్ షాపు గారూ, పొద్దున మా పాప అంకె 8, మధ్యాహ్నం 12 అని రాశాను చూశారా. అదే కథ. మీ ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్‌కూ పొద్దున్నే బరువు ఎక్కువ.


జిరాక్స్ షాపు (తిరుపతి)
జనవరి 11, రాత్రి 9:20

నమస్కారం. ఇది ఆయన కాదు, ఆయన భార్యను. ఆయన ఫోన్ నుంచే రాస్తున్నా, ఆయనకు తెలుసు.

నెలన్నరగా షాపు తక్కెడ మా వంటింట్లోనే ఉంది. కొరియర్‌కు వచ్చినవాళ్లను పక్క షాపుకు పంపుతున్నాడు. కొత్తది కొనమంటే ఇదే కరెక్టుగా చూపిస్తుందంటాడు. సంక్రాంతికి మా అమ్మగారింటికి పోవాలి, ఈ తక్కెడ బట్టల బ్యాగులో పెట్టాడు. మా అమ్మ ఏమనుకుంటుందో. సంగటికి లెక్క అక్కర్లేదన్నది నేనే, ఒప్పుకుంటున్నా.

నా సందేహం ఏమిటంటే, పండగకు మా ఇంట్లో పితికిపప్పు కూర తప్పనిసరి. అనపకాయలు ఒలిచి, నానబెట్టి, పొట్టు పితికి చేస్తాం. ఆయనకు అది ప్రాణం. దాన్ని అన్నంతో పాటు లెక్కలో వేయాలా? పచ్చి గింజలు తూచాలా, పితికిన పప్పు తూచాలా? ఓళిగ ఒకటి తింటే సంగటి మానేస్తానంటున్నాడు, అది కుదురుతుందా?


కొలతగిన్నె (తిరుపతి)
జనవరి 11, రాత్రి 9:58

అమ్మా, ఓళిగ పళ్లెం నిండా పరిచేది అయితే బెల్లం, పప్పు, మైదా కలిసి సంగటి ముద్దకు ఏమీ తీసిపోదు. కాబట్టి ఆ పూట సంగటి, అన్నం రెండూ లేకుండా ఒక ఓళిగ, పితికిపప్పు, కూరలు పెట్టండి. రాత్రికి వద్దు, మధ్యాహ్నం పెట్టండి. తిన్నాక ముగ్గులు చూసే వంకతో వీధి చివరి దాకా నడిపించండి. రెండు గంటలకు మీటరు.


పీలేరు అయ్యవారు
జనవరి 12, ఉదయం 6:05

పితికిపప్పులోనూ పిండి ఉంటుంది తల్లీ, కానీ పీచూ ప్రొటీనూ తోడుంటాయి కాబట్టి షుగర్ మెల్లగా ఎక్కుతుంది. చిన్న గిన్నెడు ఉడికిన పప్పుకు 15 గ్రాములు వేసుకో, పండగ పూట అంతకంటే తూనికలొద్దు. ఆ తక్కెడ షాపులో పెట్టి రమ్మను. పోయిన వారం నేను పంపాల్సిన రిజిస్టర్ పుస్తకాల కట్ట ఒకటి ఇంకా ఇక్కడే ఉంది, తిరుపతి వచ్చినప్పుడు మీ షాపులోనే తూయిద్దామని ఆగాను.